నాగరత్న ఇంటికి వేసిన రంగులు

ఇళ్ళకు రంగులు, కర్టెన్లు సర్దిపెట్టే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడమ్, తక్కువ ఖర్చులో ఇల్లు కొత్తగా కనబడాలంటే ఏం చెయ్యాలి?" నా జవాబు వాళ్ళకు నచ్చదు. ముందు ఆ ఇంట్లో ఎవరు ఎటు నడుస్తున్నారో చూడండి అంటాను. రంగుల కార్డు తెరిచి చూపిస్తానని ఆశపడి వచ్చిన పిల్లల మొహాలు అక్కడే వాడిపోతాయి.

ఏం చెయ్యను, నేను ఈ పనిలో నేర్చుకున్నదంతా గుండె గుభేలుమన్న తర్వాతే నేర్చుకున్నాను. పరాయి ఇంట్లోకి వెళ్ళి, బీరువా జరిపి, మంచం కింద చూసి, దేవుడి గది కొలతలు తీసే ఉద్యోగం ఇది. డాక్టరు దగ్గర దాచుకునేవి కూడా జనం మన దగ్గర దాచుకోలేరు. బెంగళూరులో ఇన్నేళ్ళు తిరిగాను. ఏదో ఒక ఇంట్లో నోరు తెరుచుకుని నిలబడిపోవడం నాకు అలవాటైపోయింది. సొంతంగా ఎప్పుడు మొదలుపెట్టాను, ఎంత పెద్ద పనులు చేశాను అనేవి రాయను. వాటితో మీకు పనిలేదు.

నంజుండప్ప అంగడి

మాది హిందూపురం వైపు. పెళ్ళయి బెంగళూరు వచ్చాక, తొంభైల మొదట్లో, కాడుగోడిలో నంజుండప్ప అనే ఆయన అంగడిలో పనికి చేరాను. రంగు డబ్బాలు, కర్టెన్ గుడ్డలు, సోఫా కవర్లు అమ్మేవాళ్ళం. నంజుండప్పకు ముక్కు మీద కోపం. ఇంట్లో కన్నడం, అంగట్లో మాలాంటి వాళ్ళతో తెలుగు.

చేరిన కొత్తల్లోనే ఒకాయన వచ్చి, హాలంతా మసకగా ఉంది, ఉన్నవాటిలో ఖరీదైన తెల్ల రంగు ఇవ్వమన్నాడు. నంజుండప్ప డబ్బా కిందికి దించనే లేదు.

"ట్యూబులైటు ఎప్పుడు తుడిచినావప్పా?" అన్నాడు.

ఆయన తలెత్తి మా అంగట్లో వెలుగుతున్న లైటు వైపు చూశాడు.

"పోయి లైటు తుడువు. కిటికీ అద్దాలు కడుగు. కిటికీకి అడ్డంగా బీరువా పెట్టుకోనుంటావు, దాన్ని పక్కకి తొయ్యి. అప్పటికీ చీకటిగా ఉంటే రా, రంగు ఇస్తాను."

వచ్చిన బేరాన్ని తన్ని తగలేసే వ్యాపారిని నేను అంతవరకు చూడలేదు. ఈ అంగడి ఎక్కువ రోజులు నడవదు, వేరే చోటు చూసుకోవాల్సిందే అనుకున్నాను. ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. బీరువా నిజంగానే కిటికీకి అడ్డంగా ఉందట. రంగు వద్దు, పల్చటి కర్టెన్లు చాలన్నాడు. ఆ తర్వాత వాళ్ళ వీధి వీధినంతా మా అంగడికి పంపించాడు.

తక్కువ ఖర్చు అంటే అదీ. ముందు తీసెయ్యండి, తర్వాత తుడవండి, తర్వాత జరపండి. ఈ మూడింటికీ చెమట తప్ప ఖర్చు లేదు. ఆ తర్వాతే రంగు. అదీ హాలులో ఒక్క గోడకు వేస్తే చాలాసార్లు సరిపోతుంది. బీరువాను పారేసి కొత్తది కొనక్కర్లేదు, కార్లకు రంగు కొట్టే షెడ్డుకు పంపితే పెళ్ళికూతురిలా తిరిగొస్తుంది. కట్టడం మానేసిన పట్టుచీరలు కర్టెన్లుగా ఇంకో పదేళ్ళు బతుకుతాయి. పాత ఇళ్ళలో ఎర్ర సిమెంటు నేలలుంటాయే, వాటి మీద ప్లాస్టిక్ షీటు పరిచే వాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. బాగా రుద్ది కడిగి, ఆరాక కొబ్బరినూనె గుడ్డతో తుడవండి. అద్దంలా వస్తుంది.

నంజుండప్ప ఇంకో మాట కూడా గట్టిగా చెప్పేవాడు. ఇంటిని రెండుసార్లు చూడాలి. "పొద్దున పోతే ఇల్లు ఎట్ల కట్టినారో తెలుస్తాది. సంజ పూట పో పద్మా, ఎట్ల బతుకుతాండారో తెలుస్తాది." నేను సొంతంగా పని మొదలుపెట్టాక కూడా ఆ నియమం తప్పలేదు.

గోడ వెనక

ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ జంట. కింది అంతస్తులో అద్దెకుంటున్నారు, విజయవాడ వైపు వాళ్ళు. పడకగదికి పూల వాల్‌పేపర్ వాళ్ళే అంటించుకున్నారు. రంగు మార్చాలని నన్ను పిలిచారు. గదిలోకి అడుగుపెట్టగానే వాన తర్వాత అడవిలో వచ్చే వాసన. వాల్‌పేపర్ మూల పట్టుకుని లాగాను. వెనక గోడ నిండా పుట్టగొడుగులు. చిన్నవీ పెద్దవీ, బుట్ట తెచ్చుకుంటే కూర వండుకోవచ్చు.

ఆ అమ్మాయి మంచమెక్కి నిలబడింది. అబ్బాయి మాత్రం నా వైపు చూసి, "ఆంటీ, దీని మీద ఇంకో లేయర్ పేస్ట్ చేస్తే మేనేజ్ అవుతుందా?" అన్నాడు.

నేను కాగితాన్ని ఇంకో జానెడు కిందికి లాగి చూపించాను. తడి గోడను కప్పిన వాళ్ళు ఎవరూ బాగుపడలేదు. పైపు కారుతోందేమో చూడండి, ఇంటి ఓనరుతో పోట్లాడండి, గోడ ఎండాకే మీ కళ చూపించండి. ఈ సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి రాశాను. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

క్రీమ్ రంగు జ్వరం

రెండువేల సంవత్సరం దాటాక బెంగళూరుకు ఒక జ్వరం పట్టుకుంది. రింగ్ రోడ్డు పక్కన కొత్త అపార్టుమెంట్లు లేచాయి. వాటిల్లో కొనేవాళ్ళకు చూపించడానికి ఒక ఫ్లాటు అలంకరించి పెట్టేవాళ్ళు. గోడ క్రీమ్, తలుపు క్రీమ్, స్విచ్చులు క్రీమ్, సోఫా క్రీమ్. పైకప్పులో గుచ్చినట్టు చిన్న చిన్న పసుపు లైట్లు. ఆదివారమైతే జనం గుడికి వెళ్ళినట్టు ఆ ఫ్లాటు చూసి వచ్చి, మా ఇల్లూ అలాగే చెయ్యండి అనేవాళ్ళు.

మహదేవపురలో వెంకటేశప్ప అలా చూసి వచ్చినవాడే. ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. చుట్టూ అద్దాల మేడలు లేవకముందు తండ్రి కట్టించిన ఇల్లు. కూతురు శోభకు డిగ్రీ అయిపోయింది. భార్య నాగరత్న సొంత తమ్ముడు లోకేశ్‌తోనే శోభకు సంబంధం కుదిరింది, తాంబూలాలు మార్చుకోవాలి. అక్క కూతురిని తమ్ముడికి చేసుకోవడం మా వైపు మామూలే. నాగరత్న తల్లినీ అలాగే ఆమె మేనమామకే ఇచ్చారు. లోకేశ్ ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో పని చేస్తాడు, నెమ్మదైనవాడు, శోభకు చిన్నప్పటి నుంచీ ఆయనంటే ప్రాణం. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.

"ఎక్కువ పెట్టలేనక్కా. ఇంటికి నలుగురూ వస్తారు, చూసేదానికి కొత్తగా ఉండల్ల. అంతా క్రీమ్ కొట్టించేయండి" అన్నాడు వెంకటేశప్ప.

నాగరత్న అంతవరకు మాట్లాడలేదు. అప్పుడు నోరు తెరిచింది.

"తలుపు చట్రాలకి ముదురు రంగు వెయ్యల్ల. గోడ అడుగున జానెడు ఎత్తున నల్ల పట్టీ లాగండి. వంటింట్లోకి దిగే మెట్టుండాది కదా, దాని అంచుకి పసుపు కొట్టండి. స్విచ్చుల చుట్టూ ఎర్రగీత వేయండి. ఆ చిన్న లైట్లు వద్దే వద్దు, ఇంకో రెండు ట్యూబులైట్లు పెట్టండి. టీపాయి నాకొద్దు. ఇంట్లో ఒక్క సామాను కూడా జరపొద్దు."

నేను ఆమె మొహం చూశాను, ఎగతాళి చేస్తోందేమోనని. చెయ్యడం లేదు. నల్ల పట్టీ, పసుపు మెట్టు, ఎర్ర గీతలు. ఇల్లు అడుగుతోందా, లారీ బాడీ అడుగుతోందా అర్థం కాలేదు.

"ఈమెకి పిచ్చక్కా, మీరు క్రీమే వేయండి" అని వెంకటేశప్ప నవ్వుతూ పనికి వెళ్ళిపోయాడు. నేను కొలతలు తీసుకుని, రెండు మూడు వస్తువులు అటూ ఇటూ కదిపి చూసి, సాయంత్రం మళ్ళీ వస్తానని బయటపడ్డాను.

చేతి మరక

సంజ పూట వెళ్ళేసరికి ఇంట్లో నాగరత్న ఒక్కతే ఉంది. తలుపు తీసి, "ఎవరూ?" అంది. పొద్దున అంతసేపు నా ఎదుటే ఉన్న మనిషి. నా భుజం వైపు చూస్తోంది. "నేనే నాగరత్నా, పద్మక్కను" అన్నాక మొహం విప్పారింది. కాఫీ పెడతానని లోపలికి నడిచింది.

పడమటి కిటికీలోంచి ఎండ గోడ మీద ఏటవాలుగా పడుతోంది. అలాంటి వెలుతురులో గోడ ఏదీ దాచుకోలేదు. నడుమెత్తులో ఒక నల్లటి మరక కనిపించింది. చుక్కలు కాదు, గీతలా సాగింది. వాకిలి దగ్గర మొదలై, హాలంతా దాటి, వంటింటి గడప మీదుగా లోపలికి పోయింది. ఎన్నో ఏళ్ళు చెయ్యి రాసుకుంటే తప్ప సున్నం గోడ అంత నున్నగా, అంత జిడ్డుగా అవ్వదు. నేను నా మామూలు ధోరణిలో, "ఇంట్లో చిన్నపిల్లలు లేరు కదమ్మా, ఈ గోడంతా ఎవరు తడిమింది? కడిగే రంగు వేసుకుందాంలే" అన్నాను.

ఆమె నడుస్తున్నదల్లా ఆగింది. ఎడమ చేతి వెనకభాగం సరిగ్గా ఆ మరక మీద ఆనించి ఉంది. చెయ్యి చటుక్కున తీసేసి, గోడను వదిలి నా వైపు రెండడుగులు వేసింది. పొద్దున నేనే జరిపి మళ్ళీ సర్దకుండా వెళ్ళిన పేము మోడా అక్కడ ఉంది. హాలు మధ్యలో, ఏనుగంత స్పష్టంగా ఉంది. దాని మీదపడి మోకాళ్ళ మీద కూలిపోయింది.

పరుగెత్తి లేపాను. ఆమె దెబ్బ చూసుకోలేదు. చేతులతో మోడాను వెతికి పట్టుకుని, గోడ వారగా దాని పాత చోటులో పెట్టింది. ఆమె చెంప పక్కన నా చెయ్యి మెల్లగా ఊపాను. తల తిప్పలేదు.

"ఎన్నాళ్ళ నుంచి తల్లీ?" అన్నాను.

ఆమె రెండు అరచేతులూ కళ్ళకు అటూ ఇటూ అడ్డం పెట్టి చూపించింది. "ముందర ఇంత కిటికీ మాదిరి కనపడతాదక్కా. పక్కలంతా పోయింది. చీకట్లో అయితే చిన్నప్పటి నుంచే లేదు."

"మీ ఆయనకు తెలియదా?"

"ఎవరికీ తెలీదు. తెలిస్తే నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారా? ఈ ఇల్లు నా చేతిలో ఉండాది. ఏది యాడుండాదో నాకు తెలుసు. కండ్లు పోతే పోనీ, ఇల్లు పోనిచ్చుకోను."

పక్కింటామెను తోడు తీసుకుని కంటి ఆసుపత్రికి వెళ్ళి వచ్చిందట. కంటి వెనక పొర పాడవుతోందని, దానికి మందు లేదని, దగ్గర సంబంధాలు చేసుకునే ఇళ్ళలో ఎక్కువగా వస్తుందని చెప్పారట. శోభను కూడా అద్దాల సాకుతో తీసుకుపోయి చూపించింది. ఆ పిల్ల కళ్ళు బాగున్నాయన్నారు.

"మా అమ్మకి వచ్చింది, నాకు వచ్చింది. ఇది ఆడోళ్ళకి వచ్చేది. నా బిడ్డకి రాలేదు, చాలు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఎంత నిశ్చింతో. అది ఆమె సొంత లెక్క, డాక్టరు చెప్పింది కాదు. అది తప్పు కావచ్చని నాకూ అప్పుడు తోచలేదు.

ఆమె అడిగినవన్నీ

వెంకటేశప్పను ఒప్పించడం నా వంతు అయింది. ఆ ఎర్ర నేలకు క్రీమ్ గోడ సరిపోతుంది గానీ, చట్రాలు ముదురుగా ఉంటేనే కొట్టొచ్చినట్టు కనబడతాయని, పట్టీ వేస్తే గోడ మాసిపోదని, ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అని చెప్పాను. ఫ్యాషన్ అనగానే తలూపాడు.

మా పెయింటర్ మస్తాన్ మొదట ముక్కు విరిచాడు. తర్వాత పని మొదలుపెట్టాడు. లేత గోడకు ముదురు గోధుమ రంగు చట్రాలు, అడుగున నల్ల పట్టీ. మెట్టు అంచుకు పసుపు రంగు కొట్టి, దాని మీద ముగ్గు వేస్తే అందరూ అలంకారమనే అనుకున్నారు. స్విచ్ బోర్డుల చుట్టూ సన్నటి ఎర్రంచు. వంటింటి గట్టు నల్లగా ఉంటే దాని మీద ఇనప మూకుళ్ళు ఆమెకు తెలిసేవి కావు, తెల్ల టైలు ముక్కలు తెచ్చి ఒక పక్క అతికించాం. పప్పు డబ్బాల మూతలకు రకరకాల రంగులు. మడతమంచం, మోడా, కుర్చీలు ఉన్నచోటే ఉండి కొత్త కవర్లు తొడుక్కున్నాయి. ఆమె పాత ధర్మవరం చీర కర్టెన్లయింది.

పని చివరికొచ్చేసరికి నేను నిర్ఘాంతపోయాను. ఆ ఇల్లు బాగుంది. రింగ్ రోడ్డు ఫ్లాట్లన్నిటికంటే బాగుంది. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. పెద్దవాళ్ళున్న ఇంట్లో అంతా ఒకే రంగు వెయ్యకండి. నేలా గోడా కలిసిపోయిన చోట, మెట్టు కనబడని చోట మనుషులు పడతారు. పడ్డవాళ్ళు వయసు వచ్చిందని తమను తాము తిట్టుకుంటారు గానీ మీ రంగును తిట్టరు.

ఆదివారం సాయంత్రం

కర్టెన్ రాడ్లు బిగించడానికి లోకేశ్ వచ్చాడు. వంటింటి గోడకు చివరి పూత వేసి మస్తాన్ బ్రష్షులు కడుగుతున్నాడు. బయట వెలుతురులో నిలబడి నవ్వుతూ మాట్లాడిన కుర్రవాడు, పొద్దు వాలుతుండగా హాలు దాటి ఆ గదిలోకి వచ్చాడు. ఎడమ చేతి వెనకభాగం గోడకు ఆనించాడు. తడి రంగు మీద, అదే నడుమెత్తులో, బారెడు పొడవున చారిక.

మస్తాన్ తల పట్టుకున్నాడు. "ఏమప్పా, తడి గోడ కనపడలేదా?"

"అయ్యో, సారీ అన్నా" అని లోకేశ్ చెయ్యి తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, ఎదురుగా ఉన్న రంగు డబ్బాను తన్నుకున్నాడు. నిండు డబ్బా. మస్తాన్ గుడ్డ కోసం పరుగెత్తాడు. లోకేశ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "సంజ అయితే నాకు ఇంతేనక్కా. మా ఇంట్లో అందరిదీ ఇదే కత. అందుకే పగలు షిఫ్టే అడుక్కుంటాను. బండి మీద చీకటి పడకముందే ఇల్లు చేరిపోతాను."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా వీపుకూ రంగంటుకుంది, పట్టించుకోలేదు. శోభ కడుపున పుట్టబోయే వాళ్ళు ఒక్కసారిగా నా కళ్ళ ముందు వరసగా నిలబడినట్టయింది. ఈ కుర్రవాడికి తన సంగతి తనకే తెలియదు.

లోకేశ్ వెళ్ళాక నాగరత్నను పెరట్లోకి పిలిచి చూసింది చెప్పాను.

"వాడు మొగపిల్లవాడు. వానికెట్ల వస్తాది?"

"నాకు తెలియదమ్మా. డాక్టరును అడుగు. కానీ ముందు అడుగు, తర్వాత తాంబూలాలు పెట్టుకో."

"ఏమని అడగల్ల? నా సంగతి బయటపెట్టకుండా వాని సంగతి ఎట్ల చెప్పేది? చెప్పినాననుకో, రేపటి నుంచి ఈ ఇంట్లో నేనెవరు?" పెరటి గోడ పట్టుకుని లోపలి వైపు తిరిగింది. "మీ పని గోడలక్కా. గోడలు చూసుకోండి."

నేను బయటికి వచ్చేశాను. వెంకటేశప్పకు చెప్పాలా అని చాలా ఆలోచించాను. చెప్పలేదు. ఇళ్ళల్లో మన కంటబడే సంగతులు ఆ సంగతి ఎవరిదో వాళ్ళకే చెప్పాలి, చాటుగా, సూటిగా. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయినా ఆ వారమంతా అన్నం సయించలేదు.

తాంబూలాలు

పిలిచారు కాబట్టి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను అంటే సరిగ్గా ఉంటుంది. పొద్దు గూకుతుండగా ముహూర్తం. హాలు నిండా జంపఖానాలు, దగ్గరి చుట్టాలంతా రెండు వరసల్లో కూర్చున్నారు. అటు పెద్దగా నాగరత్న తండ్రి నారాయణప్ప కూర్చున్నాడు. ఆయన అటు వరుడికి తండ్రి, ఇటు వధువుకు తాత. పళ్ళ తట్ట ఎత్తాడు. వంటింట్లోంచి పులిహోర వాసన వస్తోంది, పొద్దుటి నుంచీ అందరికీ నాగరత్నే వండింది.

నాగరత్న స్విచ్ బోర్డు దగ్గరికి నడిచి ట్యూబులైట్లు ఆపేసింది.

గది చీకటి కాలేదు. కిటికీలోంచి వెలుతురు వస్తూనే ఉంది, అందరి మొహాలూ నాకు కనబడుతున్నాయి. "ఏమిటిది" అని ఎవరో గొణిగారు.

"లోకేశా, లేసి నా దగ్గరికి రా" అంది నాగరత్న.

"ఏందక్కా, ఇప్పుడు ఆటలా?" అంటూ లేచాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. చెయ్యి ముందుకు చాపి గాలిలో వెతికాడు. రెండో అడుగు ఒక ముసలావిడ చేతి మీద పడింది, మూడోది కుంకుమ భరిణె మీద. నవ్వు ఆగిపోయింది. అందరూ ఆయన్ను చూస్తున్నారు, ఆయన ఎవరినీ చూడటం లేదు.

"నిన్న నీకు చెప్తే నవ్వినావు. నాయనకి చెప్తే మొగపిల్లలకి రాదన్నాడు. నేనూ అట్లనే అనుకుంటిని" అంది నాగరత్న. "అమ్మకి వచ్చింది వీనికి వచ్చింది. నాకూ వచ్చింది. నాకు కండ్లు కనపడవు. డాక్టరును మొన్న పోయి అడిగినాను. వీండ్లిద్దరికీ పెండ్లి చేస్తే, శోభ కండ్లు బాగున్నా, బిడ్డలకి వచ్చే అవకాశం చాలా ఎక్కువ అన్నాడు. ఈ తాంబూలాలు నేనివ్వను."

తోడబుట్టిన వాడిని అలా నలుగురిలో నిలబెట్టడం నాకు చాలా కష్టంగా తోచింది. ఇంకో దారి ఉండిందా అంటే, వాళ్ళు ఆమెకు వదిలిపెట్టలేదు. వెంకటేశప్ప నోరు తెరుచుకుని భార్యను చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె చేతి వంట తిన్నవాడు. "నీకు కనపడకపోవడమేంది? పొద్దున నా చొక్కాకి గుండీ కుట్టినావు గదా" అని మాత్రం అన్నాడు.

నారాయణప్ప తట్ట దించలేదు. "లైటు వేయండి. అదంతా తర్వాత చూసుకుందాం, ముహూర్తం దాటిపోతాది."

"తట్ట కింద పెట్టు తాతా" అంది శోభ.

ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది. శోభ చాలా ఏడ్చింది, లోకేశ్ కొన్నాళ్ళు వాళ్ళింటికి రాలేదు. తర్వాత పరీక్షలు చేయించుకుని, బండి అమ్మేసి, కంపెనీ బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాడు. ఉద్యోగం నిలబడింది. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు.

తట్ట కింద పెట్టిన నారాయణప్ప కూతురి వైపు తిరిగాడు. "సరే, అయిందేదో అయింది. నువ్వు ఇంకమీదట పొయ్యి దగ్గరికి పోవద్దు. నిప్పుతో ఆటలొద్దు. ఒక తావున కూర్చో, ఇంట్లో వాళ్ళు చేసి పెడతారు. మీ అమ్మ కూర్చోలేదా?"

నాగరత్న చెయ్యి గోడకు ఆనించి నిలబడింది. "కూర్చునింది నాయనా. మీరు కూర్చోబెట్టినారు. ఆ గోడ వార నుంచి లేవకుండానే పోయింది. అదొద్దనే నేను ఇన్నేండ్లు నోరు మూసుకోనుంటిని."

చుట్టాల్లో ఆడవాళ్ళు తలలూపడం మొదలుపెట్టారు, నిజమే, నిప్పు, నీళ్ళు, కత్తిపీట, ఎట్లా అంటూ. ఆమె ఏది భయపడిందో అదే నా కళ్ళ ముందు జరిగిపోతోంది.

"అమ్మ కూర్చోదు" అంది శోభ. కన్నీళ్ళు తుడుచుకోకుండానే లేచింది. "అమ్మకి కనపడదని నేను హైస్కూల్లో ఉన్నప్పటి నుంచే నాకు తెలుసు."

నాగరత్న గొంతు వచ్చిన వైపు చటుక్కున తిరిగింది. "నీకెట్ల తెలుసు?"

"ఇంట్లో ఏదీ జరపొద్దంటావు గదమ్మా. నాయన జరుపుతాడు, మామ జరుపుతాడు, వచ్చినోళ్ళంతా జరుపుతారు. నువ్వు లేసి వచ్చేలోపల అన్నీ మళ్ళీ వాటి తావులో ఎవరు పెడతాండారనుకున్నావు?"

నాగరత్న చెయ్యి చాపి, పక్కనున్న మోడాను తడిమి చూసింది.

"ఎవరూ జరపడంలేదనుకుంటిని పాపా" అంది.

వెంకటేశప్ప లేచాడు. ట్యూబులైట్లు వేశాడు. భార్యకూ వంటింటికీ మధ్య కూర్చున్న చుట్టాల దగ్గరికి వెళ్ళి, "కొంచెం దారి వదలండప్పా, ఆమె వడ్డించల్ల" అన్నాడు. ఒక్కొక్కరే కాళ్ళు ముడుచుకున్నారు. నాగరత్న వంటింట్లోకి నడిచింది.